ఎడమచేతి సిపాయిలు: అచ్చు చిత్రాల్లో యుద్ధం

హైదరాబాద్‌లో ఆబిడ్స్ దాటి బషీర్‌బాగ్ వైపు వెళ్తుంటే గన్‌ఫౌండ్రీ వస్తుంది. ఆ పేరు ఇంగ్లిష్ వాళ్లది. ఉర్దూలో ఆ చోటును తోప్ కా సాంచా అంటారు. ఫ్రెంచి సేనాని రేమండ్ 1786లో నిజాం అలీ ఖాన్ కోసం ఫిరంగులు పోత పోయించింది అక్కడే. సాంచా అంటే అచ్చు. తెలుగులో ఈ అచ్చు అనే మాట ఎక్కడెక్కడ పలుకుతుందో చూడండి: ఇటుకల అచ్చు, బెల్లం అచ్చు, పెడనలో కలంకారీ బట్టకు వేసే చెక్క అచ్చు, పుస్తకం అచ్చు. పిల్లాణ్ణి చూసి 'అచ్చు వాళ్ల నాన్నే' అనేటప్పుడూ అదే మాట. ఫిరంగికీ, బొమ్మకీ, పోలికకీ ఒకే మాట సరిపోయింది. యుద్ధాన్ని అచ్చు చిత్రాలుగా తీసినవాళ్ల గురించి మాట్లాడాలంటే అక్కణ్ణుంచే మొదలుపెట్టొచ్చు.

ఎందుకంటే ఎచింగ్ అనే పద్ధతి పుట్టిందే ఆయుధాల పనివాళ్ల దగ్గర. యూరప్‌లో యోధుల ఇనుప కవచాల మీద తీగలూ పూలూ చెక్కాలంటే ఉలి ఒక్కటే చాలేది కాదు. కవచం మీద మైనంలాంటి పూత పూసి, సూదితో గీసి, యాసిడ్ పోసేవారు. పూత లేచిన చోటల్లా యాసిడ్ ఇనుమును తినేసేది. 1500 ప్రాంతంలో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ పట్టణంలో డేనియల్ హోప్ఫర్ అనే కవచాల పనివాడు అదే పని ఇనుప రేకు మీద చేసి, గీతల్లో ఇంకు నింపి, కాగితం పెట్టి నొక్కాడు. యుద్ధానికి నగిషీ చెక్కే విద్య కాస్తా బొమ్మల విద్య అయింది. మన దగ్గర బిద్రీ పనివాళ్లు కూడా లోహం మీదే గాటు పెడతారు గానీ, ఆ గాట్లో వెండి తీగ కూరుస్తారు. ఆ గాట్లో ఇంకు పట్టిస్తే ప్రింట్ అయ్యేది. ఇద్దరికీ తేడా అంతే.

ప్రింట్ తీయడం ఎలాగో దగ్గర్నుంచి చూడని వాళ్లకు ఒక మాట చెప్పాలి. ఫొటోకాపీలాంటి పని కాదిది. గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీ సరోజినీ నాయుడు స్కూల్లాంటి చోట విద్యార్థులు చేసే పనికీ, 400 ఏళ్ల కిందట యూరప్ పనివాడు చేసిన పనికీ పెద్ద తేడా లేదు. జింక్ ప్లేటో రాగి ప్లేటో తీసుకుని అద్దంలా మెరిసేదాకా రుద్దుతారు. అంచులు పదునుగా ఉంటే ప్రెస్‌లో కాగితం చిరుగుతుంది కాబట్టి వాటిని ఆకురాయితో ఏటవాలుగా అరగదీస్తారు. మైనం, తారు కలిసిన నల్లటి పూత పూసి, ఆరాక సూదితో గీస్తారు. పూత లేచి కింద లోహం తళుక్కుమంటుంది. ప్లేటును యాసిడ్ ట్రేలో దించగానే గీతల మీద సన్నటి బుడగలు లేస్తాయి, వాటిని ఈకతో నెమ్మదిగా తోసేస్తారు. ఎంతసేపు ఉంచితే గీత అంత లోతు, అంత నలుపు. తర్వాత పూత కడిగేసి, ఇంకు పట్టించి, గుడ్డతో తుడుస్తారు. పైన ఇంకు పోతుంది, గీతల్లోది మిగులుతుంది. తడిపిన కాగితం, దాని మీద మెత్తటి కంబళి వేసి, రెండు రోలర్ల మధ్య నుంచి చక్రం తిప్పుతూ లాగుతారు. కాగితం లేపి చూసేదాకా టెన్షనే.

లేపి చూస్తే కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. ప్లేటు మీద కుడిచేత్తో కత్తి దూసిన సిపాయి కాగితం మీద ఎడమచేతివాటం వాడైపోతాడు. జాగ్రత్త గలవాడు ముందే తిరగేసి గీస్తాడు. తొందరపడినవాడి పటాలంలో సిపాయిలంతా ఎడమచేత్తోనే పొడుస్తారు. యుద్ధ చిత్రాల్లో ఇది చిన్న పొరపాటే గానీ చాలా విషయం చెబుతుంది. అది చూసి గీసిన బొమ్మా, విని గీసిన బొమ్మా, ఇంకొకరి బొమ్మ చూసి ఆదరాబాదరాగా దించిన బొమ్మా అని అనుమానం పుట్టేది అక్కడే.

ఒక్కో అనుమానాన్నీ తేల్చుకోవడానికి ఒక చిన్న ప్రశ్న చాలు. చిత్రకారుడు తనని తాను ఎక్కడ నిలబెట్టుకున్నాడు, గుట్ట మీదా, నేల మీదా?

విజయాన్ని చూపించే చిత్రాలు దాదాపు అన్నీ గుట్ట మీద నుంచే ఉంటాయి. పైనుంచి చూస్తే పటాలాలు బారులు తీరి కనిపిస్తాయి, నది ఒక తీగలా సాగుతుంది, కోట గోడ ఎక్కడ పగిలిందో తెలుస్తుంది. చచ్చినవాడి ముఖం మాత్రం కనిపించదు. చైనా చక్రవర్తి చియెన్‌లుంగ్ మధ్య ఆసియాలో గెలిచిన యుద్ధాలను ఇలాగే బొమ్మలుగా కావాలనుకున్నాడు. ఆయన కొలువులో కాస్టిగ్లియోనెలాంటి యూరప్ క్రైస్తవ సాధువులు చిత్రకారులుగా ఉండేవారు. వాళ్లు గీసిన 16 బొమ్మలు ఓడల మీద ఫ్రాన్స్ చేరాయి. పారిస్‌లో కోషాఁ అనే ఆయన పర్యవేక్షణలో 1767 నుంచి 1774 దాకా వాటిని రాగి రేకుల మీద చెక్కారు. చక్రవర్తి అడిగింది 200 సెట్లు. అన్నీ అధికారులకూ, రాజభవనాలకూ పంచడానికే. గెలిచిన ఎడారి దేశం ఒక మూల, బొమ్మ గీసిన రాజధాని ఒక మూల, అచ్చు వేసిన నగరం ఇంకో ఖండం. ఆ కొండల మీద పరుగెత్తే గుర్రాలు ఎంత చక్కగా ఉంటాయంటే, అక్కడ జనం చచ్చారన్న సంగతి గుర్తు చేసుకోవాల్సి వస్తుంది.

అంతకు రెండు వందల యాభై ఏళ్ల ముందు యూరప్‌లో మాక్సిమిలియన్ చక్రవర్తి ఇంకో ఎత్తు వేశాడు. పాత రోమన్ చక్రవర్తుల్లా రాతితో విజయ తోరణం కట్టాలంటే డబ్బుండాలి, ఆయన ఖజానా ఎప్పుడూ ఖాళీయే. అందుకని జర్మన్ చిత్రకారుడు డ్యూరర్‌లాంటి వాళ్లతో 190కి పైగా చెక్క అచ్చులు చెక్కించి కాగితం తోరణం వేయించాడు. షీట్లన్నీ అతికిస్తే మూడు మీటర్లు దాటే ఎత్తు. రాతి తోరణం కట్టిన ఊళ్లోనే ఉంటుంది, కాగితం తోరణం ఏ ఊరి గోడకైనా ఎక్కుతుంది. ప్రచారం సంగతి చూస్తే చక్రవర్తికి ఇదే లాభసాటి బేరం. ఇప్పటి ఫ్లెక్సీలకు తాతలాంటిది.

ఈ విజయ చిత్రాల్లో హైదరాబాద్‌కు దగ్గరి చుట్టరికం శ్రీరంగపట్నంతో ఉంది. 1799 మే 4న టిప్పు సుల్తాన్ కోట పడిపోయింది. నిజాం సైన్యం ఆ దండయాత్రలో ఇంగ్లిష్ వాళ్ల పక్కన నడిచింది. దానికి పెద్దగా మీర్ ఆలం వెళ్లాడు. ఆ యుద్ధంలో వచ్చిన సొమ్ముతోనే మీర్ ఆలం చెరువు కట్టించాడని పాతబస్తీలో చెప్పుకుంటారు. జూపార్కు వెనక కనిపించే ఆ చెరువు కట్టకు ఒకదాని పక్కన ఒకటి అర్ధచంద్రాకారంలో తోరణాలుంటాయి.

యుద్ధం వార్త లండన్ చేరిన మరుసటి ఏడాదే, 1800లో, రాబర్ట్ కెర్ పోర్టర్ అనే ఇరవై దాటిన కుర్రాడు కోట ముట్టడిని సుమారు 120 అడుగుల పొడవున్న తెర మీద రంగుల్లో దించాడు. అతను అప్పటికి ఇండియా ముఖం చూడలేదు. జనం టికెట్టు కొని, ఆ తెర ముందు నిలబడి, పొగలో నిచ్చెనలెక్కే ఎర్రకోటు సైనికుల్ని చూశారు. వెండ్రమిని అనే చెక్కుడు పనివాడు ఆ బొమ్మ ఆధారంగా మూడు పెద్ద ప్రింట్లు చెక్కాడు. ఆ పెద్ద తెర తర్వాత అగ్నికి ఆహుతైంది. ఈ రోజు ఆ దృశ్యం ఎలా ఉండేదో తెలియాలంటే ప్రింట్లే గతి. యుద్ధం చూడనివాడి బొమ్మ పోయింది, దాన్ని చూసి చెక్కినవాడి బొమ్మ చరిత్రగా మిగిలింది. అందులో నడిమధ్యన ఉండేవి ఇంగ్లిష్ జెండా, ఇంగ్లిష్ సేనానులు. ముట్టడికి అటూ ఇటూ ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఈ నేల మనుషులే అన్న సంగతి ఆ ప్రింట్లు చూస్తే తట్టదు. ప్రింట్ కొనేవాడు లండన్‌లో ఉన్నాడు, అతనికి కావలసిన ముఖాలే ముందు వరుసలో ఉన్నాయి. చెక్కేవాడు అబద్ధమాడాలనుకోకపోయినా, కొనేవాడి అభిరుచి సగం అబద్ధం తనంతట తానే చెక్కిస్తుంది.

గోల్కొండ సంగతి ఇంకా విచిత్రం. 1687లో ఔరంగజేబు సైన్యం దాదాపు ఎనిమిది నెలలు కోట ముందు పడిగాపులు పడింది. చివరికి కోట పడింది ఫిరంగి దెబ్బకు కాదు. లంచం తిన్న సర్దారు ఒకడు రాత్రిపూట తలుపు తీశాడు. ఆ సైన్యం లోపలికొచ్చిన ద్వారమని చెప్పుకునే దానికి ఫతే దర్వాజా, అంటే విజయ ద్వారం, అనే పేరు నిలిచింది. సైన్యం విడిది చేసిన మైదానం ఫతే మైదాన్ అయింది. దాన్నే ఇప్పుడు ఎల్‌బీ స్టేడియం అంటున్నాం. బాలా హిసార్ పైకెక్కి చూస్తే విజయ చిత్రకారుడు కోరుకునే దృశ్యమంతా కళ్ల ముందుంటుంది: మూడు వరుసల ప్రాకారం, బురుజులు, దూరంగా కుతుబ్‌షాహీ గోరీల గుమ్మటాలు. ఏ చక్రవర్తి పారిస్‌కో లండన్‌కో పంపి చెక్కించినా అక్కణ్ణుంచే చెక్కేవారు, పొగా నిప్పూ కలిపి. చీకట్లో గొళ్లెం తీసిన చప్పుడును ఏ ప్లేటు మీదా చెక్కరు.

యుద్ధంలో పడినవాణ్ణి మన ఊళ్లు వేరే రకంగా గుర్తుపెట్టుకున్నాయి. వీరగల్లు మీద కూడా కత్తులు, గుర్రాలు ఉంటాయి. అయితే ఆ రాయి వీరుడు పడిన ఊళ్లోనే, పొలం గట్టునో చెరువు కట్ట మీదో ఉంటుంది. దానికి రెండో కాపీ లేదు. మొక్కాలంటే అక్కడికే వెళ్లాలి. ప్రింట్ దీనికి పూర్తిగా ఎదురు: మనిషి ఎక్కడ పడ్డాడో ఆ ఊరి పేరు తెలియనివాడి గోడకు కూడా అది చేరుతుంది.

గుట్ట దిగి నేల మీదకు వచ్చినవాళ్లలో పేరెన్నిక గన్నవాడు జాక్ కలో, అప్పట్లో ఫ్రాన్స్‌కు వేరుగా ఉన్న లోరెన్ అనే చిన్న రాజ్యపు ఎచింగ్ కళాకారుడు. ఇతని కథలో తమాషా ఏమిటంటే, అతను రెండు చోట్లా నిలబడ్డాడు. 1620ల చివర్లో స్పెయిన్ పక్షాన, నెదర్లాండ్స్‌లోని బ్రెడా పట్టణపు ముట్టడిని ఆరు రేకుల మీద మ్యాపులాగా చెక్కాడు, పైనుంచి, దర్జాగా. తర్వాత ఫ్రెంచి రాజు కోసం లా రోషెల్ ముట్టడీ అలాగే చెక్కాడు. 1633లో ఫ్రెంచి సైన్యం అతని సొంత ఊరు నాన్సీనే పట్టుకుంది. దాన్ని కూడా చెక్కమని రాజు అడిగితే బొటనవేలు కోసుకుంటాను గానీ చెక్కనన్నాడని ఒక కథ ప్రచారంలో ఉంది. ఏకలవ్యుడు బొటనవేలు ఇచ్చేశాడు, ఇతను ఇవ్వడానికైనా సిద్ధమన్నాడు. కథ నిజమైనా కాకపోయినా, అదే ఏడాది అతని 18 చిన్న ప్రింట్ల వరస, యుద్ధం తెచ్చిపెట్టిన కష్టాలు, అచ్చయింది.

వాటిలో ఉరి బొమ్మ ఒకటుంది. సైజు చూస్తే పొడుగ్గా ఉండే పోస్టు కవరు కంటే చిన్నది. మధ్యలో ఒక పెద్ద చెట్టు, కొమ్మలకు ఇరవై మందికి పైగా వేలాడుతున్నారు. నిచ్చెన మీద ఇంకొకడు, అతనికి చివరి మాట చెప్పే పూజారి. చెట్టు పక్కన ఇద్దరు డోలు మీద పాచికలు వేసుకుంటున్నారు. చుట్టూ ఈటెల వనం, దూరంగా గుడారాలు. కింద పద్యంలో వీళ్లను దురదృష్టపు పండ్లు అన్నారు. మొదటిసారి చూసినప్పుడు వాళ్లు అమాయక రైతులనిపిస్తుంది. కాదు, ఊళ్లు దోచుకున్న సైనికులే. వరసలో ముందు ప్రింట్లు వాళ్లు చేసిన దోపిడీని చూపించాయి, తర్వాతి ప్రింట్లలో రైతులు ఇంకొందరు సైనికుల మీద పగ తీర్చుకుంటారు, చివరి ప్రింట్‌లో రాజు బుద్ధిగా ఉన్నవాళ్లకు బహుమానాలిస్తాడు. కలో యుద్ధాన్ని వద్దన్నాడా, క్రమశిక్షణ లేని సైన్యాన్ని వద్దన్నాడా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు. రెండో మాటే సబబనిపిస్తుంది. కానీ డోలు మీద పాచికలు వేసే ఆ ఇద్దరు ఏ క్రమశిక్షణ పాఠంలోనూ ఇమడరు.

చేతిపనిలోనూ కలో కొత్తదారి తొక్కాడు. వీణలాంటి వాయిద్యాలు చేసేవాళ్లు వాడే గట్టి వార్నిష్‌ను రేకు పూతకు వాడాడు. పూత గట్టిగా ఉండడంతో గీత చెదరలేదు. దగ్గరి మనుషుల గీతల్ని ఎక్కువసేపు యాసిడ్‌లో ఉంచి, దూరపు వాటిని తొందరగా మూసేశాడు. అందుకే ముందున్న డోలు నల్లగా, వెనకున్న గుడారం పొగమంచులా కనిపిస్తుంది. బొమ్మలో దూరం పుట్టింది యాసిడ్ గడియారం వల్ల.

నేల మీద నిలబడడమంటే ఏమిటో పూర్తిగా చూపించినవాడు మాత్రం స్పెయిన్ చిత్రకారుడు గోయా. 1808లో నెపోలియన్ సైన్యం స్పెయిన్‌లోకి వచ్చింది, 1814 దాకా యుద్ధం. 1810 నుంచి పదేళ్ల పాటు ఆయన 82 ప్లేట్లు చేశాడు. యుద్ధకాలంలో రాగి దొరక్క, పాత ప్రకృతి దృశ్యాల ప్లేట్లను కోసి వాటి వెనకవైపు గీశాడు కూడా. ఒక ప్రింట్ కింద 'నేను చూశాను' అని రాశాడు. తర్వాతి దాని కింద 'ఇది కూడా'. ఇంకోదాన్ని 'చూడలేం' అన్నాడు. అందులో గుహలాంటి చీకట్లో మోకాళ్ల మీద కొందరు, చేతులు జోడించి ఒక స్త్రీ. చంపేవాళ్లు కనిపించరు. కుడివైపు అంచు నుంచి బాయ్‌నెట్ మొనలు మాత్రం లోపలికి పొడుచుకొస్తాయి. సైనికులు బొమ్మ బయట ఉన్నారు, అంటే బొమ్మ చూస్తున్నవాడి పక్కన ఉన్నారు.

గోయా ఒకే పక్షాన ఉన్నాడనుకుంటే పొరపాటు. ఒక ప్రింట్‌లో స్పెయిన్ రైతు గొడ్డలెత్తి ఫ్రెంచి సైనికుణ్ణి నరకబోతాడు. దాని పేరు 'అదే సంగతి'. 1828లో ఆయన చనిపోయాక కూడా ఆ ప్లేట్లు 35 ఏళ్లు అలా పడి ఉన్నాయి. 1863లో గానీ స్పెయిన్ కళాపీఠం వాటిలో 80 అచ్చు వేయలేదు. చియెన్‌లుంగ్ అచ్చులు ఆర్డరు మీద ఖండాలు దాటాయి, గోయా అచ్చులు ఇంటి గడప దాటడానికి అర్ధ శతాబ్దం పట్టింది.

పత్రికల కాలం వచ్చాక వేగం ముఖ్యమైంది. లండన్ సచిత్ర వారపత్రికలు 1857లో ఢిల్లీ, కాన్పూర్, లక్నో దృశ్యాలను వారం వారం వేశాయి. ఒక పెద్ద బొమ్మను చెక్క ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కను ఒక్కో పనివాడు రాత్రికి రాత్రే చెక్కి, మళ్లీ బోల్టులతో బిగించేవారు. జాగ్రత్తగా చూస్తే ఆకాశంలో అతుకుల సన్నటి తెల్ల గీతలు కనిపిస్తాయి. 1894లో చైనా మీద యుద్ధానికి దిగిన జపాన్‌లో టోక్యో చిత్రకారులు పేపరు వార్త చదివి కొద్ది రోజుల్లోనే, మూడు కాగితాలు పక్కపక్కన పేర్చిన రంగుల ప్రింట్లు దించేవారు. కొబయాషి కియోచికా గీసిన మంచు రాత్రులూ సెర్చిలైట్ల వెలుగులూ నిజంగా అందంగా ఉంటాయి. ఆ అందమే వాటిలో చిక్కు.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఇద్దరు జర్మన్లు ఆ అందాన్ని వదిలించుకున్నారు. మెషిన్‌గన్ సైనికుడిగా పనిచేసిన ఒట్టో డిక్స్ 1924లో 50 ఎచింగ్‌లు వేశాడు. యాసిడ్‌ను లొంగదీయకుండా వదిలేశాడు, లోహం కుళ్లిన శరీరంలా పెచ్చులు లేచింది. కేథే కోల్విట్జ్‌ది వేరే దారి. ఆమె కొడుకు పీటర్ 1914 అక్టోబర్‌లో బెల్జియంలో చనిపోయాడు. ఆమె ఏడు ఉడ్‌కట్‌లలో ఫిరంగి లేదు, కందకం లేదు, శత్రువు లేడు. మృత్యువు డోలు కొడుతుంటే వెనకాల వెళ్లే కుర్రాళ్లు, పిల్లల్ని మధ్యన పెట్టుకుని కోటగోడలా చేతులు బిగించిన తల్లులు. చెక్క మీద మెత్తటి గీత గీయాలన్నా కుదరదు. ఆమెకు కావలసింది అదే.

మన దగ్గర ఈ దారి యుద్ధభూమి మీదుగా కాకుండా ఆకలి మీదుగా వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1943లో బెంగాల్ కరువు వచ్చింది. దాన్ని చూసి చిత్తప్రసాద్ అనే చిత్రకారుడు గీసిన బొమ్మల పుస్తకాన్ని ఇంగ్లిష్ ప్రభుత్వం పట్టుకుని తగలబెట్టింది. తర్వాత ఆయన ఎక్కువగా లినోకట్‌లు, అంటే నేల మీద పరిచే లినోలియం షీటును కోసి తీసే అచ్చులు, చేశాడు. లినోలియం చవక, ప్రెస్ లేకపోయినా చెంచాతో రుద్ది అచ్చు తీయొచ్చు. హైదరాబాద్‌లో ఎచింగ్‌కు పేరు తెచ్చిన లక్ష్మాగౌడ్ సూది మాత్రం మేకల వైపు, పల్లె మనుషుల వైపు, కోరికల వైపు తిరిగింది. చిన్నప్పటి ఊరే ఆయనకు పెద్ద సరుకు. అందులో లోటేమీ లేదు గానీ, ఫతే దర్వాజాలున్న నగరంలో ముట్టడి గురించి ఎచింగ్ ప్లేట్లు ఇంకా చాలా ఖాళీగా ఉన్నాయి.

చిట్టగాంగ్‌లో 1942లో జపాన్ బాంబులు పడినప్పుడు శవాలను చూసి గీయడం మొదలుపెట్టిన సోమనాథ్ హోర్, 1970లలో ఇంకునే మానేశాడు. మట్టి, మైనం పలకల మీద కత్తితో కోసి, కాల్చి, పొడిచి, ఆ పలక నుంచి సిమెంటు అచ్చు తీసి, అందులో తడి కాగితం గుజ్జు నొక్కి ఆరబెట్టాడు. 'గాయాలు' అని పేరు. తెల్ల కాగితం మీద తెల్ల కోతలే, అక్కడక్కడ కొద్దిగా ఎరుపు. సైనికుడు లేడు, జెండా లేదు, ఎటువైపు వాడి శరీరమో చెప్పే గుర్తు లేదు. వీటిని ఎదురుగా లైటు పెట్టి ఫోన్‌తో ఫొటో తీస్తే ఉత్త తెల్ల కాగితం వస్తుంది. లైటును పక్కకు, కాగితానికి దాదాపు ఆనుకునేలా దించితే గాటు అంచు మీద సన్నటి నీడ పడుతుంది, లోతెంతో తెలుస్తుంది.